పరుగునకు బరువులు తోడా, అడ్డా?

మన పురాణములలో బలమునకును వేగమునకును తండ్రి యొక్కడే. సముద్రమును లంఘించిన హనుమంతుడు వాయుపుత్రుడు. గదాయుద్ధమున అసమానుడైన భీముడును వాయుపుత్రుడే. హనుమంతుడు పర్వతమును ఎత్తెను. ఎత్తుటయే గాక దానితో తెల్లవారకమునుపే చేరవలసిన చోటికి చేరెను. బరువు నెత్తగలవానికి వేగము రాదను తలంపు ఆ కథలు చెప్పినవారికి కలుగలేదు. అయినను శ్రోతలారా, పందొమ్మిదవ శతాబ్ది చివరినుండి ఇరువదవ శతాబ్ది నడుమవరకు ఐరోపా అమెరికా ఖండములలోని వ్యాయామాచార్యులు అనేకులు దీనికి విరుద్ధమైన సిద్ధాంతమును బోధించిరి. ఇనుమెత్తినవాని కండలు బిగిసిపోవును, కీళ్లు బిరుసెక్కును, వాడిక పరుగెత్తలేడు. ఇది వారి మాట. ఈ మాట ఎట్లు పుట్టెను, ఏల నిలిచెను, ఎట్లు తొలగెను, తొలగిన పిదప మిగిలిన నిజమెంత అనునదే నేటి ప్రసంగవిషయము.

ఇది గడచిపోయిన కాలపు తగవని త్రోసివేయదగినది కాదు. పరుగున చురుకుదనము చూపు బాలుని గాని బాలికను గాని, ఇనుము జోలికి పోవద్దు, కాళ్లు బరువెక్కునని వారించు పెద్దలు నేటికిని కలరు. వారి మాట సద్బుద్ధితో చెప్పినదే. కాని సద్బుద్ధితో చెప్పినంత మాత్రమున మాట నిజము కానేరదు. దానిని పరీక్షింపకుండ చేతులు మార్చుచు పోయినచో నష్టపడునది చెప్పినవారు కాదు, విన్నవారు. పూర్వము ఈ పరీక్ష ఆలస్యమైనందున ఎందరో పరుగువీరులు తమకు దక్కదగిన బలమును వదలుకొనియే మైదానమున నిలిచిరి.

బరువుల సాధన క్రొత్తది కాదు. క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దిలో క్రోటన్ నగరవాసియగు మైలో అను గ్రీకు మల్లుడు ఒక పసిదూడను దినదినమును భుజములపై మోయుచు, అది వృషభమగువరకును మోసెనని కథ గలదు. కథ కథయే, కాని బరువు కొంచెము కొంచెముగ పెరిగినకొలది బలమును పెరుగునను అందలి సూక్ష్మము నేటి సాధనకు పునాదియైనది. ఆ గ్రీకులే దూరము దూకు పందెమున రాతితోను లోహముతోను చేసిన చేతిబరువులను పట్టుకొని దూకెడివారు. మన దేశమునను తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీయుట, గదలు, సంగడములు త్రిప్పుట తరతరములుగ వచ్చుచున్న సాధనలు. అవి మల్లవిద్యకు అంగములు. మల్లునకు బలమెంత వలయునో మెలకువయు చురుకుదనమును అంత వలయునని తాలింఖానా గురువునకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

మరి ఈ భయము ఎక్కడనుండి వచ్చినది? ఆధునిక కాలమున జనులు మహాబలమును చూచినది పరుగుబాటపై కాదు, ప్రదర్శనశాలలలో. మన ఉత్తరాంధ్రమున వీరఘట్టమున జన్మించి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, సర్కసు నెలకొల్పి దేశవిదేశముల కీర్తిగాంచిన కోడి రామమూర్తినాయుడుగారిని తలచుకొందము. ఱొమ్మునకు చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి త్రెంచుటయు, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుటయు జనులు చూచి ఆశ్చర్యమున మునిగిరి. అట్టి ప్రదర్శనములు పాశ్చాత్య దేశములలోను పెక్కు. బలము చూపువాడు నిలిచినచోటనే నిలిచి చూపును. అతడు ఎంత వడిగ పరుగెత్తగలడో అడిగినవారును లేరు, గడియారము పట్టి చూచినవారును లేరు. నిలిచి చూపిన బలము నిలువనేర్చును గాని పరుగెత్తనేరదని చూచువారి మనస్సులలో ముద్రపడెను.

ఈ ముద్రను ఒక మరణము మరింత గాఢము చేసినది. అమెరికాలోని బోస్టన్ నగరమున జార్జి బార్కర్ విన్‌షిప్ అను వైద్యుడుండెను. ఆయన చిన్న ఆకారమువాడు. హార్వర్డు విద్యాలయమున చదువుకొని, బరువు లెత్తుటయే ఆరోగ్యమునకు మార్గమని ఊరూర ఉపన్యసించుచు, ఉపన్యాసానంతరమున తన బలమును ప్రదర్శించెడివాడు. కాడివంటి సాధనమును భుజములపై నుంచుకొని రెండువేల పౌనులకు పైబడిన బరువును నేలనుండి కొంచెముగ లేవనెత్తెడివాడు. ఆయన 1876లో, 42వ యేట పక్షవాతము వచ్చి మరణించెను. ఆరోగ్యమునకు బరువులే శరణ్యమని చాటినవాడు నడివయస్సునందే పోవుటచే, బరువులే ఆయనను చంపెనని లోకము నిశ్చయించుకొనెను. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి జరిగినచో కాకియే రాల్చెననుకొనుట లోకసహజము గదా!

ఆ వెనుక వచ్చిన వ్యాయామోపాధ్యాయులు తేలికయగు డంబెల్లులను, కప్పీలపై నడచు స్వల్పభారములను మెచ్చి, పెద్ద బరువులను నిరసించిరి. ఇనుముచే బిగిసినవానిని వర్ణించుటకు ఆంగ్లమున మజిల్‌బౌండ్ అను పదమొకటి వాడుకలోనికి వచ్చెను. కండలచేత కట్టుపడినవాడని దాని భావము. బండి లాగు గుఱ్ఱమును పందెపు గుఱ్ఱమును ప్రక్కప్రక్కన నిలిపి చూపినచో ఈ సిద్ధాంతమునకు వేరు సాక్ష్యమక్కరలేదని తోచును. కాని అందొక పొరపాటు గలదు. బండి లాగుటవలన ఆ గుఱ్ఱము అట్టి ఆకారము పొందలేదు. అట్టి ఆకారము గల జాతిని మనుష్యుడు ఏరి బండికి కట్టెను. అట్లే స్థూలకాయులు సహజముగ బరువుల వైపు పోయిరి. సన్ననివారు పరుగు వైపు పోయిరి. ఫలితమును చూచి కారణమనుకొన్నారు.

కావున ఆ కాలపు పరుగువీరుని సాధన పరుగుతోనే ముగిసెడిది. బయలుదేరుట నేర్చుకొనుట, మరల మరల పరుగెత్తుట, మర్దనము చేయించుకొనుట, విశ్రమించుట. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలలో జెస్సీ ఓవెన్సు చిన్న తాపీ వంటి పనిముట్టుతో బాటలో గుంటలు త్రవ్వుకొని, వానియందు పాదములు మోపి బయలుదేరి, 100 మీటరులను 10.3 సెకండ్లలో ముగించెను. అట్టి మహాప్రతిభ ఇనుము లేకయే వెలిసినది. అందుచే ఇనుము అక్కరలేదనువారికి బలము చేకూరెను. కాని ఇనుము తోడైనచో ఏమగునను ప్రశ్నకు అది సమాధానము కాదు.

ఇంతలో శాస్త్రజ్ఞులు పరుగును కొలుచుట నేర్చుకొనుచుండిరి. కండరముల శాస్త్రమునందు నోబెలు బహుమానము పొందిన ఆంగ్లేయుడు ఏ. వి. హిల్ 1927లో అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమున ఒక చమత్కారమైన ప్రయోగము చేసెను. పరుగెత్తువాని నడుమునకు అయస్కాంతశక్తి గల ఉక్కుబద్దను కట్టి, బాట ప్రక్క అక్కడక్కడ తీగచుట్టలను నిలిపెను. పరుగువాడు ఒక్కొక్క చుట్టను దాటునప్పుడెల్ల విద్యుత్తు పుట్టి, ఆ క్షణము గుర్తింపబడెడిది. దానివలన ఏ చోట ఎంత వడి పుట్టుచున్నదో తెలిసెను. ఆయనయే 1938లో ప్రకటించిన మరియొక నియమము మన విషయమునకు ఇంకను ముఖ్యమైనది. కండరము ఎంత వడిగ కుంచించుకొనునో అంత తక్కువ బలము నీయగలదు. ఎంత ఎక్కువ బలము నీయవలెనో అంత మెల్లగ కుంచించుకొనును. పెద్దబరువు మెల్లగనే లేచుట ఇందువలననే. కాని బరువు మెల్లగ లేచుచున్నదని దాని నెత్తినవాడు మందగించునని అర్థము కాదు. ఈ రెంటికిని గల భేదమును పరీక్షించి చూపవలసియుండెను.

ఆ పరీక్షకు దారి తీసిన సంఘటన 1940లో జరిగెను. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు కళాశాల వ్యాయామోపాధ్యాయులను తీర్చిదిద్దుటలో పేరుగన్న విద్యాలయము. అందు రష్యాదేశమున జన్మించిన పీటర్ కార్పొవిచ్ అను శరీరశాస్త్రవేత్త బోధించుచుండెను. ఇనుమెత్తువారి కండలు బిగియునని ఆయన నమ్మకము. బాబ్ హాఫ్‌మన్ అను వ్యాపారి జాన్ గ్రిమెక్, జాన్ డేవిస్ అను ఇద్దరు బలశాలులను వెంటబెట్టుకొని ప్రదర్శనమునకై అక్కడికి వచ్చెను. హాఫ్‌మన్ ఇనుప సాధనములు తయారుచేసి అమ్మువాడు. అమ్ముకొనువాని మాట నమ్మరాదని విద్వాంసులు జంకుట న్యాయమే. ప్రదర్శనము ముగిసిన పిదప కార్పొవిచ్ గ్రిమెక్‌ను ఒక్కటే కోరెను: మీ వీపు గోకి చూపుడని. కండలు బిగిసినవానికి చేయి వీపునకు అందదని ఆయన తలంపు. గ్రిమెక్ సునాయాసముగ గోకి చూపెను. అంతటితో ఆగక రెండు కాళ్లను రెండు దిక్కులకు చాచి నేలపై చదునుగ కూర్చుండెను. సభ నవ్వెను; ఆచార్యుడు ఆలోచనలో పడెను.

నవ్వుతో ముగించక పరీక్షకు పూనుకొనుటయే కార్పొవిచ్ గొప్పతనము. ఆయనయు, జోర్బాస్ అను సహచరుడును కలిసి 600 మందిని ఎంచుకొనిరి. అందు 300 మంది బరువు లెత్తువారు, 300 మంది ఎత్తనివారు. చేతితో త్రిప్పు యంత్రమొకటి వారి ముందుంచి, ఎవరెంత వడిగ త్రిప్పుదురో కొలిచిరి. 1951లో ఫలితము ప్రకటింపబడెను: బరువు లెత్తువారే వడిగలవారు. అంతకు ఒక యేడు ముందు, 1950లో, ఛుయి అను పరిశోధకుడు క్రమముగ బరువుల సాధన చేసిన విద్యార్థుల దూకుడును, 60 గజముల పరుగును కొలిచి, అవి మెరుగుపడినవే గాని మందగింపలేదని ప్రకటించియుండెను.

యుద్ధమును ఇందుకు తోడ్పడెను. రెండవ ప్రపంచయుద్ధపు చివరి యేండ్లలో షికాగో నగరపు సైనిక వైద్యశాలలో థామస్ డెలోర్మ్ అను యువవైద్యుడు మోకాళ్లు చెడిన సైనికులకు చికిత్స చేయుచుండెను. తేలికైన కదలికలను వేలకొలది మార్లు చేయించుట నాటి పద్ధతి. డెలోర్మ్ దానిని విడిచి, ఎక్కువ బరువును కొలది మార్లు ఎత్తించి, బలము పెరిగినకొలది బరువును పెంచుచు పోయెను. ఎండిన తొడలు మరల నిండెను. ఆయన 1945లో ఈ ఫలితములను ప్రకటించెను. పదేసి మార్ల చొప్పున మూడు విడతలుగ ఎత్తు నేటి వాడుక ఆయన పద్ధతినుండి వచ్చినదే. ప్రదర్శనశాల వస్తువైన ఇనుము వైద్యశాలలో గౌరవము గాంచిన పిమ్మట, మైదానమున అడుగు పెట్టుటకు అడ్డంకి తగ్గెను.

మొదట దానిని చేరదీసినవారు గుండు విసరువారు. 1952లోను 1956లోను ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన ప్యారీ ఓబ్రయన్ బరువుల సాధనకు పేరుపడినవాడు. గుండు విసరుటకు బలము వలయునని ఎవరును కాదనరు గనుక అది సులభముగ అంగీకృతమైనది. పరుగువారు మాత్రము ఇంకను సంశయించిరి. వారి సంశయమును తీర్చుటలో సోవియటు దేశపు సాధకులకు పెద్ద పాలు గలదు. అచ్చట యూరీ వెర్ఖొషాన్‌స్కీ అను శిక్షకుడు ముయ్యడుగుల దూకుడు చేయువారిని పరిశీలించి, దూకి నేలను తాకినపుడు ఒంటికాలిపై పడు భారము అపారమని గమనించెను. ఆ భారమునకు కాలిని అలవాటు చేయుటకై, ఎత్తైన పీటపైనుండి దిగి, నేల తాకిన తోడనే మీదికెగురు సాధనను 1960 తరువాతి దశాబ్దమున వ్యాపింపజేసెను. అట్టి ఎగురుడు సాధనలకు పాశ్చాత్యులు 1975నుండి ప్లయోమెట్రిక్స్ అను పేరు పెట్టిరి. ఇనుమువలన వచ్చిన బలమును వేగముగ మార్చుకొనుటకు ఇది వంతెన యైనది. 1972లో మ్యూనిక్ క్రీడలలో సోవియటు దేశపు వలేరీ బోర్జొవ్ 100 మీటరులు 10.14 సెకండ్లలోను, 200 మీటరులు 20.00 సెకండ్లలోను ముగించి రెండు స్వర్ణములును గెలిచెను. బరువులే ఆయనను గెలిపించెనని చెప్పరాదు. కాని పరుగువీరుడు పుట్టుకతోనే గాక, కొలతలతో కూడిన సాధనతోను రూపొందునని లోకము గుర్తించెను.

ఇక పరుగునకు బలము ఎట్లు పనికివచ్చునో విచారింతము. వేగముగ పరుగెత్తువాడు కాళ్లను గాలిలో వేగముగ ఆడించునని మనకు తోచును. 2000వ సంవత్సరమున అమెరికాలో పీటర్ వేయాండ్ అను పరిశోధకుడు సహచరులతో కూడి 33 మంది పరుగును కొలిచెను. వెనుకబడిన కాలిని తిరిగి ముందునకు తెచ్చుకొనుటకు పట్టు కాలము, తమతమ గరిష్ఠవేగమున, వేగవంతులకును మందగమనులకును ఇంచుమించు సమానముగ నుండెను. భేదము నేలయందే యున్నది. సెకండునకు 11.1 మీటరులు పరుగెత్తువాడు, 6.2 మీటరులు పరుగెత్తువానికంటె, తన శరీరభారమును బట్టి చూచినచో 1.26 రెట్లు బలముతో నేలను త్రొక్కుచుండెను. నేలను గట్టిగ తన్నువానిని నేల దూరముగ పంపును. బలమునకును వేగమునకును గల బంధుత్వము ఇదియే.

అయితే ఇచ్చటనే ఒక కట్టుబాటును గలదు. కండరము తన పూర్ణబలమును చూపుటకు సెకండులో మూడవవంతో, అంతకు కొంత ఎక్కువయో కావలెను. పరుగు మొదట దిమ్మెలను తన్ని లేచునప్పుడు ఇంచుమించు అంత కాలము దొరకును. అందుచే తొడలందును పిరుదులందును సంపాదించిన బలము బయలుదేరుటయందు నేరుగ ఫలించును. కాని పూర్తివడి నందుకొన్న పిమ్మట పాదము నేలపై నిలుచుట సెకండులో పదియవవంతు మాత్రమే. ఎంత బలము గలదనునది కాదు, అంత స్వల్పకాలమున ఎంత వెచ్చింపగలడనునదే అచ్చటి ప్రశ్న. ధాన్యము గాదెనిండ నున్నను, వాకిలి ఇరుకైనచో బయటికి వచ్చునది కొంచెమే గదా! కావున నేటి శిక్షకులు పరుగువానిచే పెద్దబరువును కొలది మార్లే ఎత్తింతురు. ప్రతిమారును వీలైనంత వడిగ ఎత్తుమందురు. నడుమ దీర్ఘవిశ్రాంతి నిత్తురు. దానితోపాటు ఎగురుడును, అసలు పరుగును ఎన్నడును మానింపరు. కండ పెంచుట వారి లక్ష్యము కాదు. శరీరభారము పెరిగి, బలము దానికి తగినంత పెరుగకపోయినచో ఆ భారమును ప్రతి అడుగునను మోయవలసినవాడు పరుగువాడే. ప్రాచీనుల భయమున గల సత్యాంశము ఇంతమాత్రమే.

బలమువలన మరియొక లాభమును గలదు. వేగముగ పరుగెత్తువారిని వేధించు పెద్ద బాధ తొడ వెనుకటి కండరము చిట్లుట. డెన్మార్కు దేశమున ఫుట్‌బాలు ఆటగాండ్రపై జరిగి 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, మోకాళ్లపై నిలిచి శరీరమును మెల్లమెల్లగ ముందునకు వంచుచు ఆ కండరమును బలపరచు సాధన చేసిన 461 మందిలో 15 గాయములును, చేయని 481 మందిలో 52 గాయములును కలిగెను. బలము వేగము నిచ్చుటయే గాక, వేగమును భరింపజేయుచున్నది.

బరువులే సర్వస్వమని అనుకొనుటయు పొరపాటే. 1980లో మాస్కో క్రీడలలో 100 మీటరుల స్వర్ణము గెలిచిన స్కాట్లండు వీరుడు అల్లన్ వెల్స్ సాధనలో, ముష్టియోధులు వాడు గుద్దుబంతికిని, శరీరభారముతోనే చేయు వ్యాయామములకును ప్రధానస్థానము. 2009లో బెర్లిను నగరమున 9.58 సెకండ్లలో 100 మీటరులు ముగించి ప్రపంచమును నివ్వెరపరచిన ఉసేను బోల్టునకు పుట్టుకతో వెన్నెముక వంకర గలదు. నడుమును వీపును బలపరచుకొనుట ఆయనకు వేగమునకే గాక, నిలుకడకును అవసరమాయెను. బలమును అడ్డదారిన కొనువారును కలరు. 1988లో సియోలు నగరమున 9.79 సెకండ్లలో గెలిచిన బెన్ జాన్సన్ శరీరమున నిషిద్ధౌషధము కనబడి, పతకము వెనుకకు తీసికొనబడెను. ఇనుము చేసిన తప్పు అందులో లేదు. కాని నెలలలో రావలసిన బలము వారములలో వచ్చినదని ఎవరైన చెప్పినచో, అది ఎక్కడనుండి వచ్చినదని అడుగుట పెద్దల ధర్మము.

శ్రోతలారా, కోడి రామమూర్తిగారిని కన్న ఉత్తరాంధ్రమే కరణం మల్లీశ్వరిని కన్నది. ఆమె 2000లో సిడ్నీ క్రీడలలో రెండు ఎత్తుళ్లలో 110, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ మహిళ యయ్యెను. ఆ ప్రాంతపు విశాఖపట్టణమునుండియే జ్యోతి యర్రాజి 2023లో బాంగ్‌కాక్ నగరమున 13.09 సెకండ్లలో 100 మీటరుల అడ్డంకుల పరుగు ముగించి ఆసియా స్వర్ణమును తెచ్చెను. ఒకే గడ్డ ఇనుమెత్తుదానిని, పరుగెత్తుదానిని కన్నప్పుడు ఆ రెంటిని శత్రువులుగ ఎంచుటకు మనకు కారణము లేదు.

మీ యింట పరుగెత్తు పిల్లలున్నచో, వారిని భయముచేత ఆపనక్కరలేదు, ఆశచేత తొందరపెట్టనును రాదు. తెలిసిన శిక్షకుని యెదుట ఒట్టి కఱ్ఱతో నిలువు, వంపు, కూర్చుండు నేర్పు ముందు నేర్పింపుడు. పిదప మైలో దూడవలె బరువును కొంచెము కొంచెముగ పెంపుడు. నెల కొకమారు 30 మీటరుల దూరము కొలిచి, గడియారము పట్టి, వ్రాసి యుంచుడు. కాలము తగ్గుచున్నచో సాగింపుడు. పెరుగుచున్నచో బరువు తగ్గించి, కారణము వెదకుడు. ఆ పుస్తకములోని అంకెలు విన్‌షిప్ మరణముకంటెను, గ్రిమెక్ వీపుకంటెను మీ పిల్లలనుగూర్చి మీకు నమ్మదగిన సాక్ష్యము చెప్పును.